డాబా నీటిని మురుగు లైను నుంచి విడదీసిన పని: మా ప్లంబింగ్ మేస్త్రీ సేవపై సమీక్ష

హైదరాబాద్ తూర్పు శివారులో 150 గజాల డాబా ఉన్న మా పాత ఇంటికి గత వేసవిలో వాననీటి గొట్టాలను, మురుగు లైనును మార్పించాము. ఈ పని చేసినది పెద్ద సంస్థ కాదు, మా పేటలోనే పనిచేసే ఒక మేస్త్రీ, ఆయన వెంట ఉండే కుర్రాళ్లు. ఇలాంటి పని ఎంత గట్టిదో ఎండలో చూసి చెప్పడం కుదరదు కాబట్టి, ఒక వానాకాలం పూర్తిగా గడిచిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను.

పెద్ద వాన పడితే మా డాబా మీద చీలమండలు మునిగేంత నీరు నిలిచేది. అదే సమయంలో కింది స్నానాల గదిలోని నహానీ ట్రాప్ (నేల మీది నీరు దిగే తూము) నుంచి మురుగు పైకి తన్నేది. అంతకుముందు చూసిన వారిలో ఒకరు డాబా మొత్తానికీ వాటర్‌ప్రూఫింగ్ చేయించమన్నారు, మరొకరు మురుగు లైనుకు ఒక నాన్ రిటర్న్ వాల్వ్ (మురుగు వెనక్కి రాకుండా ఆపే రెక్క) బిగిస్తే చాలన్నారు. ఈ మేస్త్రీ మాత్రం ఏ సామాను మాటా ఎత్తకుండా, బకెట్టు నీళ్లలో నీలిమందు కలిపి డాబా తూములో పోయించారు. కాసేపటికి ఆ నీలి నీళ్లు గేటు పక్కనున్న మురుగు చాంబరులో తేలాయి. ఇల్లు కట్టిన రోజుల్లోనే ఎవరో డాబా గొట్టాన్ని నేల కింద మురుగు లైనులో కలిపేశారని అప్పుడు తేలింది.

మా రెండు ఇబ్బందులకూ మూలం ఆ కలయికే. వాన ముదిరినప్పుడు రోడ్డు మీది మ్యాన్‌హోల్ నిండిపోతుంది, దాంతో ఇంటి మురుగు బయటికి పోయే దారి మూసుకుపోతుంది, అయినా డాబా నీరు పై నుంచి అదే గొట్టంలోకి దిగుతూనే ఉంటుంది. ఆ నీరు ఇంట్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న నహానీ ట్రాప్ నుంచే పైకి వస్తుంది. ఈ స్థితిలో డాబా నీటిని విడదీయకుండా వాల్వ్ ఒక్కటే బిగించి ఉంటే, వాల్వ్ మూసుకున్న ప్రతిసారీ మన డాబా నీరే మన స్నానాల గదిని ముంచేది. వాల్వ్ అమ్మేవారు ఈ సంగతి ముందే చెప్పాలని నేను గట్టిగా భావిస్తున్నాను.

గొట్టాల లెక్క కూడా ఈయనే వివరించారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరవుతుంది. మా డాబా సుమారు 125 చదరపు మీటర్లు కాబట్టి, గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే గంటలో దాదాపు 12,500 లీటర్లు దిగాలి. ఆ జోరులో నాలుగంగుళాల గొట్టం ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల డాబాకు సరిపోతుంది, మూడంగుళాలదైతే అందులో సగానికే చాలుతుంది. మాకు ఉన్నవి మూడంగుళాల గొట్టాలు రెండే. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసిన ప్రాంతంలో ఉంటూ, ఈ లెక్క చూడకుండా ఇల్లు కట్టుకోవడం ప్రమాదకరం. డాబా మీద పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే శ్లాబు మీద పన్నెండు టన్నులకు పైగా బరువు పడినట్టే.

నాలుగంగుళాల గొట్టాలు మూడు వేశారు. తూములకు చదునైన జాలీలు తీసేసి గుమ్మటం ఆకారపు జాలీలు పెట్టారు. పక్కింటి వేపచెట్టు ఆకులు చదును జాలీని విస్తరిలా కప్పేసేవి, ఇప్పుడు అవి చుట్టూ చేరినా పై నుంచి నీరు దిగిపోతోంది. కింద మలుపు దగ్గర ఒకే 90 డిగ్రీల బెండు బదులు 45 డిగ్రీలవి రెండు వాడి, శుభ్రం చేసుకోవడానికి మూత ఉన్న 'T' ఆకారపు జాయింటు బిగించారు. తూములన్నీ పూడుకుపోయినా నీరు నిలవకుండా, పిట్టగోడకు కాస్త ఎత్తులో అదనంగా ఒక తూము తొలిచారు. ఈ పనిలో నాకు బాగా నచ్చిన ఆలోచన అదే. డాబా నీరు ఇప్పుడు ఇంకుడు గుంతకు చేరుతోంది, గుంత నిండితే పొంగిన నీరు వరద కాలువలోకి పోతుంది. ఇదంతా అయ్యాకే మురుగు లైనుకు వాల్వ్ పెట్టారు.

వానాకాలమంతా డాబా మీద నీరు నిలవలేదు, స్నానాల గదిలోకి మురుగు ఒక్కసారి కూడా రాలేదు. అయితే వాల్వ్ మూసుకుని ఉన్నంతసేపు ఇంటి నీరు కూడా బయటికి పోదు కాబట్టి, కుండపోత కురిసే సమయంలో బట్టలు ఉతకడం, స్నానాలు ఆపుకోవలసి వస్తుంది. వాల్వ్ రెక్క దగ్గర జిడ్డు, వెంట్రుకలు చేరకుండా అప్పుడప్పుడు మూత తీసి కడగాలి.

లోపాలు లేకపోలేదు. చెప్పిన గడువు దాటింది. వెనుక గోడ మీది గొట్టానికి క్లాంపులు దూరదూరంగా కొట్టడంతో ఈదురుగాలికి అది అదిరేది. అడిగాక వచ్చి, డబ్బు తీసుకోకుండా మరికొన్ని బిగించారు. ఎండకు పీవీసీ పెళుసుబారుతుంది గనుక బయటి గొట్టాలకు రంగు వేయాలి, ఆ పని వీరు చేయరు, గోడకు పెట్టిన కన్నాలను కూడా సిమెంటుతో పూడ్చి వదిలేస్తారు. పెయింటర్‌ను మనమే పిలుచుకోవాలి.

మొత్తం ఖర్చు, వాటర్‌ప్రూఫింగ్‌కు మమ్మల్ని అడిగిన దానిలో సగం కూడా కాలేదు. కూలి, సామాను విడివిడిగా రాసి ఇచ్చారు, సామాను మనమే కొనుక్కుంటామన్నా అభ్యంతరం లేదు. అలా కొనేవారు వాననీటికి 'A' రకం (టైప్ A), మురుగుకు 'B' రకం (టైప్ B) గొట్టం అడిగి తీసుకోవాలి. మృగశిర కార్తె దాటితే వీరు నేల తవ్వే పని ఒప్పుకోరు కాబట్టి ఏప్రిల్‌లోనే మాట్లాడుకోవడం మంచిది.