ఐన్ గెవ్‌లో ఒక పూట: విశాఖ నుంచి వెళ్లే హోలీ ల్యాండ్ టూర్‌పై సమీక్ష

విశాఖపట్నంలోని ఒక ట్రావెల్స్ వారు నడిపే హోలీ ల్యాండ్ టూర్‌లో, పెట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కిందని నాకు అనిపించిన భాగం ఇజ్రాయెల్‌లోని గలిలయ సముద్రపు తూర్పు ఒడ్డున ఉన్న ఐన్ గెవ్ కిబ్బుట్జ్‌లో గడిపిన పూట. కిబ్బుట్జ్ అంటే భూమిని, పనిని, ఆదాయాన్ని ఉమ్మడిగా ఉంచుకోవాలన్న ఆశయంతో యూదులు కట్టుకున్న వ్యవసాయ గ్రామం. బ్రిటిష్ పాలనలో, 1937లో, కావలి బురుజునూ కంచెనూ హడావుడిగా నిలబెట్టి దీనిని స్థాపించారు; తరువాత యెరూషలేము మేయరుగా పేరుపొందిన టెడ్డీ కొల్లెక్ తొలి సభ్యులలో ఒకరు. 1948 యుద్ధంలో సిరియా దళాలు చుట్టుముట్టినప్పుడు ఈ ఊరికి నీటి దారి ఒక్కటే మిగిలింది.

మాకు దొరికిన స్థానిక గైడు పేర్ల చరిత్ర బాగా తెలిసిన మనిషి. సంఖ్యాకాండములోని కిన్నెరెతు సముద్రము, లూకా సువార్తలోని గెన్నేసరెతు సరస్సు, యోహాను సువార్తలోని తిబెరియ సముద్రము ఈ గలిలయ సముద్రమనే ఒకే మంచినీటి సరస్సని, తిబెరియ అన్న పేరు రోమా చక్రవర్తి తిబెరి కైసరు గౌరవార్థం గలిలయ పాలకుడు హేరోదు అంతిప కట్టించిన పట్టణం నుంచి వచ్చిందని ఆయన వివరిస్తుంటే, ఏళ్ల తరబడి బైబిలు చదివిన మా బృందంలోని పెద్దలు కూడా మళ్లీ మళ్లీ ప్రశ్నలు అడిగారు. కిన్నెరెతుకు మూలం కిన్నోర్ అనే తంత్రీవాద్యమని అక్కడివారు చెప్పుకుంటారు. మన కిన్నెర గుర్తుకు వస్తుంది గానీ, ఆ పోలికను చుట్టరికంగా భావించనక్కరలేదు.

ఊరి వెనుక గుట్టమీది శిథిల నగరానికి గ్రీకులో హిప్పోస్, అరమాయికులో సూసిత అని పేర్లు. రెండింటికీ అర్థం గుర్రమే. దెకపొలి అనే పది గ్రీకు-రోమా పట్టణాల సమూహంలో ఒకటైన ఆ నగరం 749 నాటి భూకంపంతో అంతరించింది. అయితే ఈ ఒడ్డునే ఉండిన నుకైబ్ అనే అరబ్బు గ్రామం ప్రస్తావన గైడు మాటల్లో రాలేదు, ట్రావెల్స్ వారిచ్చిన తెలుగు కరపత్రంలోనూ లేదు. 1948 తరువాతి కాలంలో జనం లేకుండా పోయిన ఆ ఊరి పేరును వదిలేస్తే ఇక్కడి పేర్ల చరిత్ర సగమే చెప్పినట్లు.

మధ్యాహ్నం పేతురు చేప పేరుతో వడ్డించిన తిలాపియా వేపుడులో ఉప్పు, నిమ్మరసం తప్ప మరేమీ లేవు. వంజరం వేపుడుకు అలవాటుపడిన విశాఖవారు ఊరగాయ వెంట తీసుకువెళ్లడం మేలు. అసలు లోపం సూసితను కింద నుంచే చూపించి బస్సెక్కించడం. బుకింగు సమయంలోనే, జ్ఞాపికల దుకాణాలకు కేటాయించే సమయంలో కొంత తగ్గించి గుట్టపైకి తీసుకువెళ్లమని అడగండి. బృందంలో ఎక్కువమంది కోరితే కార్యక్రమం మార్చడానికి వీలుంటుందని నిర్వాహకులే నాతో అన్నారు.