ఇంగ్లండులో వాషింగ్టన్: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రులు చాలామంది వాషింగ్టన్ నగరం చూసే వస్తారు. ఆ పేరు మొదట ఇంగ్లండులో ఒక పల్లెది. పల్లె పేరు ఒక కుటుంబానికి ఇంటిపేరైంది, ఆ కుటుంబం సముద్రం దాటాక రాజధానికీ ఒక రాష్ట్రానికీ పేరైంది. ఆ దారి వెంట వెళ్లి రావాలన్న కోరిక పోయిన వేసవిలో తీరింది. ఇంగ్లండులో పిల్లలున్నవాళ్లకు, చదువుకుంటున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఊరు న్యూకాజిల్‌కూ సండర్లాండ్‌కూ మధ్య ఉంది. రైలు లేదు. న్యూకాజిల్ నుంచి మెట్రోలో హెవర్త్ దాకా వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాలి. 1964లో ప్రభుత్వం దీన్ని కొత్త పట్టణంగా ప్రకటించి విస్తరించింది కనుక దిగగానే వెడల్పాటి రోడ్లు, రౌండబౌట్లు, పెద్ద షాపింగ్ మాల్ కనిపించి మనసు కాస్త చిన్నబోతుంది. తొందరపడి వెనక్కి తిరగకండి. కొంచెం నడిస్తే పాత పల్లె, చర్చి, దాని పక్కనే వాషింగ్టన్ కుటుంబం ఇంటి చోట నిలిచిన ఓల్డ్ హాల్ వస్తాయి.

ఓల్డ్ హాల్ చిన్న రాతి భవనం. ఇప్పుడు కనిపించేది చాలావరకు పదిహేడో శతాబ్దపు కట్టడమే. కానీ వంటగదికీ పెద్ద గదికీ మధ్య ఉన్న రాతి కమానులు అంతకు ముందున్న ఇంటివి. నేను ఎక్కువసేపు నిలబడింది వాటి దగ్గరే. హ్వాస్సా అనే ఎవరో పాతకాలపు మనిషి పరివారం సాగుచేసుకున్న ఊరు కాబట్టి దీనికి ఆ పేరు వచ్చిందంటారు. పన్నెండో శతాబ్దంలో విలియం డి హెర్ట్‌బర్న్ అనే భూస్వామి తన హెర్ట్‌బర్న్ గ్రామాన్ని డరమ్ బిషప్‌కు వదులుకుని, బదులుగా ఈ ఊరు పుచ్చుకున్నాడు. 1183లో బిషప్ భూములన్నిటినీ నమోదు చేసిన బోల్డన్ బుక్‌లో ఆ లెక్క ఉంది: ఏడాదికి నాలుగు పౌండ్ల శిస్తు, బిషప్ పెద్దవేటకు నాలుగు వేటకుక్కలతో హాజరు. ఊరు మారగానే విలియం పేరూ మార్చుకుని ‘వెస్సింగ్టన్ విలియం’ అయ్యాడు (వాషింగ్టన్‌కు అది పాత రూపం). మన వేటూరివారు, తాడేపల్లివారు ఊరు వదిలినా ఊరిపేరు వదల్లేదు కదా. విలియం పాత ఊరినీ పేరునూ కలిపి వదిలేశాడు. ఆ తర్వాత మాత్రం అతని వంశీకులు మనవాళ్లలాగే ఎక్కడికి పోయినా ఆ పేరునే మోసుకుపోయారు.

ఈ ఇల్లు ఒక దశలో పేద కుటుంబాలు గదులు పంచుకుని ఉండే వాటాలిల్లుగా మారి, 1930లలో కూల్చివేతకు సిద్ధమైంది. ఫ్రెడ్ హిల్ అనే స్థానిక ఉపాధ్యాయుడు పూనుకుని నలుగురినీ కూడగట్టకపోతే ఈ గోడలు ఉండేవి కావు. 1955లో సందర్శకులకు తెరిచారు. ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థ చూసుకుంటోంది. స్వచ్ఛందంగా పనిచేసే పెద్దవాళ్లు ఓపికగా చెబుతారు, ఎన్ని ప్రశ్నలు అడిగినా విసుక్కోరు. అన్ని రోజులూ తెరవరు కాబట్టి ముందే చూసుకుని వెళ్లాలి. రెండు గంటలు చాలు.

బస మాత్రం దగ్గరలోని డరమ్ నగరంలో పెట్టుకోండి. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో గది శుభ్రంగానే ఉంది కానీ, ముందే చెప్పినా శాకాహారులకు ఉదయం రొట్టె, బీన్సు తప్ప ఏమీ పెట్టలేదు. మళ్లీ వెళితే సెలవుల్లో విశ్వవిద్యాలయం అద్దెకిచ్చే విద్యార్థుల గదులే చూసుకుంటాను. కెథెడ్రల్‌కు, అంటే బిషప్ పెద్ద చర్చికి, నడిచి వెళ్లే దూరం అన్నిటికన్నా పెద్ద లాభం.

ఈ యాత్ర మొత్తంలో నన్ను కదిలించింది ఆ కెథెడ్రలే. 1416 నుంచి 1446 దాకా అక్కడి మఠానికి పెద్దగా ఉన్నవాడు జాన్ వెస్సింగ్టన్, ఈ ఊరి కుటుంబం వాడే. లోపలి వసారాలో అతని పేరిట ఒక ఫలకం ఉంది. తనకు తెలియని దేశాల్లో అతని వంశం చెరగని పేరు తెచ్చుకుందని దాని మీద చెక్కారు. ప్రవేశం ఉచితం, విరాళం మన ఇష్టం.

దక్షిణాన నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ మేనర్ చూడటానికి ఇంకా అందమైన ఇల్లు. ఇదే వంశం వాడు, నార్తాంప్టన్ మేయరుగా చేసిన లారెన్స్ వాషింగ్టన్ 1539లో ఆ భూమిని కొన్నాడు. వాకిలి పైన కుటుంబ చిహ్నం ఇప్పటికీ ఉంది: రెండు అడ్డగీతలు, వాటి పైన మూడు నక్షత్రాలు. అమెరికా రాజధాని నగరం 1938లో తన జెండాగా తీసుకున్నది ఈ చిహ్నాన్నే. చిక్కంతా ప్రయాణంలోనే ఉంది. రైలు బాన్‌బరీ దాకా ఉంటుంది, అక్కడి నుంచి టాక్సీ తప్పదు. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి. మాకు వస్తానన్న డ్రైవరు రాలేదు, సాయంత్రం చాలాసేపు రోడ్డు పక్కన నిలబడ్డాం. కారు ఉంటే గ్రేట్ బ్రింగ్టన్ చర్చి కూడా చూడవచ్చు. 1616లో పోయిన మరో లారెన్స్ సమాధి రాయి మీద అదే చిహ్నం ఉంది. అతని మనవడి కొడుకు... కాదు, మనవడే, జాన్ వాషింగ్టన్ 1650ల చివర్లో వర్జీనియా చేరాడు. జార్జి వాషింగ్టన్ ఆ జాన్‌కు మునిమనవడు.

పేరు అక్కడితో ఆగలేదు, అసలైన విస్తరణ అక్కడే మొదలైంది. 1799లో జార్జి చనిపోయేనాటికి అతని ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలు ఉన్నారు. బానిసత్వం పోయాక ఇంటిపేరు ఎంచుకోవలసి వచ్చిన నల్లజాతివారిలో ఎందరో వాషింగ్టన్ అని పెట్టుకున్నారు. బడిలో పేరు అడిగితే అప్పటికప్పుడు ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పిన కుర్రవాడు తర్వాత నల్లజాతివారి చదువు కోసం టస్కీగీ విద్యాసంస్థను నిలబెట్టాడు. 2000 నాటి అమెరికా జనాభా లెక్కల్లో ఈ ఇంటిపేరున్న లక్షా అరవై మూడు వేల మందిలో దాదాపు 90 శాతం నల్లజాతివారే. ఇంగ్లండులోని ఈ ఇళ్లు చూసేవాళ్లు ఆ లెక్క గుర్తుపెట్టుకుని చూడాలని నా కోరిక. ఈ పేరును నేడు మోస్తున్నది ప్రధానంగా వాళ్లే, జార్జికి సొంత సంతానం లేదు.

ఒక్కరోజే ఉంటే డరమ్, ఓల్డ్ హాల్ కలిపి చూడండి. ఉదయం కెథెడ్రల్, మధ్యాహ్నం ఊరు. ఎండ ఉంటే దగ్గరలోని పెన్షా గుట్ట ఎక్కవచ్చు, గ్రీకు ఆలయంలా కట్టిన 1844 నాటి స్మారకం దగ్గర నుంచి చుట్టుపక్కలంతా కనబడుతుంది. సల్‌గ్రేవ్‌కు కారు దొరికినప్పుడే వెళ్లండి.