ఎండను చేత్తో తెలుసుకునే పెట్టె

అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు సూర్యుడి వెలుగునూ వెచ్చదనాన్నీ పరిచయం చేయడానికి తయారుచేసిన ఒక ప్రయోగాల పెట్టెను మా ఆరేళ్ల అమ్మాయితో కలిసి మూడు వారాలు వాడాను. అందులో నలుపు, తెలుపు రంగులు వేసిన రెండు రేకు డబ్బాలు, రెండు థర్మామీటర్లు, గాజు పట్టకం, నీడ కొలిచే పుల్ల, భూతద్దం, ఒక చిన్న పుస్తకం ఉన్నాయి.

పెట్టెకు ప్రాణం ఆ డబ్బాలే. రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, మూతలు పెట్టి గంటసేపు ఎండలో ఉంచాక, నేనింకా థర్మామీటరు అందుకోకముందే అమ్మాయి చెరో చేయీ చెరో డబ్బాకు ఆనించి, "నల్లది చురుక్కుమంటోంది, తెల్లది ఊరికే ఉంది" అంది. తెలుపు చాలా వెలుగును తిప్పికొడుతుందనీ, నలుపు తనలోకి లాక్కుని వేడిగా మారుస్తుందనీ చెప్పడానికి ఆపైన నాకు రెండు మాటలే పట్టాయి.

నీడపుల్ల ఫరవాలేదు, పట్టకం ఇచ్చే ఇంద్రధనుస్సు అందంగానే ఉంది. అయితే 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ ఆ రంగులపట్టీలో ఎరుపు అంచు దాటిన చోట థర్మామీటరు ఉంచి, కంటికి కనబడని వేడికిరణాలను గుర్తించాడు. పట్టకమూ థర్మామీటరూ ఒకే పెట్టెలో ఉండగా పుస్తకం ఆ ఊసే ఎత్తకపోవడం నాకు లోటుగా తోచింది.

అసలు తప్పు పుస్తకంలో మరోచోట ఉంది. సూర్యుడు దగ్గరికి రావడం వల్ల వేసవి వస్తుందని రాశారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో. ఉత్తరార్ధగోళంలో అది చలికాలం. రుతువులు మారేది భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల. చిన్నప్పుడు నాటుకున్న తప్పును తర్వాత పీకడం ఎంత కష్టమో పాఠం చెప్పినవారికి తెలుసు.

సూర్యుణ్ణి నేరుగా చూడకూడదనీ, భూతద్దంతో అసలే చూడకూడదనీ చేసిన హెచ్చరిక చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. అది పెట్టె మూత మీదే ఉండాల్సింది. డబ్బాల కోసం ఈ పెట్టెను కొనమనే చెబుతాను. మా ఇంట్లో మాత్రం వేసవి పేజీ మీద కాగితం అంటించాను. భూతద్దాన్ని అమ్మాయికి అందని అలమారా పైఅరలో పెట్టాను.