ఎక్స్‌పోలో గేమింగ్ కన్సోల్ కొనేవాళ్లకు జాగ్రత్త: టీవీ మీద ఆడేది ఒకటి, డబ్బాలో ఇచ్చేది ఇంకొకటి

విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి వైపు నుంచి ఎలక్ట్రానిక్స్ ఎక్స్‌పోలకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు, గేమ్‌ల మీద ఇష్టంతో డబ్బు దాచుకుని కొనుక్కునే కుర్రాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. స్టాల్‌లో మీరు ఆడి చూసిన గేమ్‌కీ, డబ్బు కట్టాక మీ చేతికిచ్చే డబ్బాకీ ఏ సంబంధమూ లేకపోవచ్చు. మా అక్క కొడుక్కి అదే జరిగింది.

ఆ ఎక్స్‌పో విజయవాడలో బందరు రోడ్డుకు దగ్గర్లోని ఒక హాల్‌లో పెట్టారు. ఫ్రిజ్‌లు, ఇన్వర్టర్లు, సౌండ్ బార్‌లు అన్నీ ఉన్నాయి గానీ జనమంతా ఒక గేమింగ్ కంపెనీ స్టాల్ దగ్గరే. రెండు పెద్ద టీవీల మీద కార్ రేసింగ్, ఫుట్‌బాల్ నడుస్తున్నాయి. ఎక్కడా ఆగి ఆగి రావడం లేదు. వానకు తడిసిన రోడ్డు మీద లైట్ల నీడలు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి. నేల దాకా గుడ్డ కప్పిన టేబుల్, దాని మీద నిలబెట్టిన తెల్ల కన్సోల్ (టీవీకి కలిపి గేమ్‌లు ఆడుకునే డబ్బా), వెనక బ్యానర్ మీద "లాస్ వెగాస్ సీఈఎస్‌లో ప్రదర్శించినది" అన్న రాత. ఎక్స్‌పో ధర 8,500 రూపాయలు. పదివేల గేమ్‌లు లోపలే ఉంటాయి, 4కే (చాలా స్పష్టమైన బొమ్మ) వస్తుంది, కంట్రోలర్లు రెండు, వారంటీ ఏడాది అన్నారు. మావాడు డిగ్రీ చదువుతూ చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు అది.

గుంటూరు వచ్చి టీవీకి పెడితే ఆ రేసింగూ లేదు, ఆ ఫుట్‌బాలూ లేదు. ఎనభైలు, తొంభైల నాటి పాత గేమ్‌లే వరసగా వచ్చాయి. లిస్టు కిందికి వెళ్లేకొద్దీ అవే గేమ్‌లు వేరే పేర్లతో మళ్లీ మళ్లీ కనిపించాయి. చార్జర్ కాసేపటికే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. స్క్రూలు విప్పి చూస్తే లోపల అరచేతిలో పట్టేంత బోర్డు, 64 జీబీ మెమరీ కార్డు, పక్కన జిగురుతో అంటించిన ఇనప ముక్క. ఆ ముక్కకు బరువు పెంచడం తప్ప ఇంకో పని లేదు. చేత్తో పట్టుకుంటే అసలు కన్సోల్ లాగే అనిపించాలని పెట్టారు. ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలని చేసిన మోసం. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది దాన్ని చూసినప్పుడే.

మర్నాడు మేమిద్దరం మళ్లీ ఎక్స్‌పోకి వెళ్లి టీవీ వెనక వైరు ఎటు పోతోందో చూశాం. అది టేబుల్ మీదున్న తెల్ల డబ్బాలోకి పోవడం లేదు. గుడ్డ చాటున కింద పెట్టిన గేమింగ్ కంప్యూటర్‌లోకి పోతోంది. స్టాల్‌వాడిని అడిగితే "డెమో సెటప్ సార్, అన్ని కంపెనీలూ ఇలాగే పెడతాయి" అన్నాడు. డబ్బు వెనక్కివ్వమంటే "ఎక్స్‌పో సేల్‌కి రిటర్న్ ఉండదు, సర్వీసు సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, కొరియర్ చేయండి" అన్నాడు. ఎక్స్‌పో ముగిశాక ఫోన్ ఎత్తడం మానేశాడు. నిర్వాహకులేమో స్టాల్ అద్దెకివ్వడం వరకే మా పని అన్నారు.

ఇలాంటి డబ్బాను కొనకముందే పట్టుకునే చిన్న లెక్క ఒకటుంది. 64 జీబీలో పదివేల గేమ్‌లంటే ఒక్కో గేమ్‌కు దాదాపు 6.4 ఎంబీ. మన ఫోన్‌తో తీసే ఫొటో ఒక్కోసారి అంత ఉంటుంది. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కేబీ మాత్రమే, కాబట్టి ఆ కాలపు గేమ్‌లు వేలల్లో పడతాయి. ఇప్పటి పెద్ద గేమ్‌లు కొన్ని ఒక్కొక్కటే వంద జీబీ దాటుతాయి. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 5 మొదటి మోడల్‌లో 825 జీబీ స్టోరేజీ ఉన్నా అలాంటివి కొన్నే పడతాయి. అందుకే "లోపల ఎన్ని గేమ్‌లు" అని కాకుండా "స్టోరేజీ ఎంత, ఇప్పుడు టీవీలో ఆడుతున్న ఈ గేమ్ పేరు లిస్టులో చూపించండి" అని అడగండి. పాత గేమ్‌లు ఆడుకోవడం తప్పేమీ కాదు. కాసెట్ పెట్టి ఆడిన తరం మాది, వాటి మీద నాకూ ప్రేమ ఉంది. పాత గేమ్‌ల డబ్బాను కొత్త కన్సోల్ అని చెప్పి అమ్మడమే మోసం.

ఇక ఆ సీఈఎస్ బ్యానర్ సంగతి. సీఈఎస్ ఏటా జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన. ఆ రంగంలో పనిచేసేవాళ్ల కోసం పెట్టేది, మామూలు జనానికి ప్రవేశం ఉండదు. స్థలానికి డబ్బు కట్టి చిన్నాపెద్దా కంపెనీలెన్నో స్టాల్ పెట్టుకుంటాయి, కాబట్టి అక్కడ చూపించినంత మాత్రాన నాణ్యతకు సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు. పైగా ఆ వేదిక మీద చూపించిన వస్తువు వెంటనే అమ్మకానికి రావాలనీ లేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ కన్సోల్‌ను 2001 జనవరిలో బిల్ గేట్స్ అక్కడే చూపించారు, అమెరికాలో అమ్మకాలు నవంబరులో మొదలయ్యాయి. 2020 సీఈఎస్‌లో సోనీ ప్లేస్టేషన్ 5 లోగో మాత్రమే చూపించింది. కన్సోల్ రూపం జూన్‌లో, ధర సెప్టెంబరులో చెప్పింది. మన దేశంలో అమ్మకం 2021 ఫిబ్రవరి 2న మొదలైంది.

ఈ తేదీలు ఎందుకు చెబుతున్నానంటే, అదే స్టాల్‌లో ఇంకా రాని మోడల్‌కు రెండేసి వేలు బుకింగ్ అడ్వాన్సు కూడా తీసుకున్నారు. సోనీ లాంటి కంపెనీయే ధర చెప్పడానికి నెలలు ఆగింది. ఊరూరా తిరిగే స్టాల్‌వాడికి ధరా, తేదీ తెలియని వస్తువు మీద అడ్వాన్సు ఇవ్వకండి.

కొనేముందు డబ్బా వెనక లేబుల్ చదవండి. బయటి దేశం సరుకైతే దిగుమతిదారు పేరు, అడ్రసు, ఏ దేశంలో తయారైందో, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. వీడియో గేమ్ పరికరాలకు, చార్జింగ్ అడాప్టర్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేబుల్ మీద ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకు ఇచ్చింది అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. మావాడికిచ్చిన డబ్బా మీద ఎంఆర్‌పీ స్టిక్కర్ తప్ప ఇంకేమీ లేదు.

బిల్లు విషయంలో మొహమాటం వద్దు. మాకిచ్చింది ఫోన్ నంబరు, కట్టిన డబ్బు ఎంతో రాసిన తెల్ల చీటీ. జీఎస్టీ బిల్లు అడగండి. ఆంధ్రలో రిజిస్టరైన వ్యాపారి జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొడితే వ్యాపారి పేరు వస్తుంది. యూపీఐలో పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద కనిపించే పేరు కూడా చూడండి. కంపెనీ పేరుకు బదులు ఎవరో వ్యక్తి పేరు వస్తే అక్కడే ఆగండి. డబ్బు కట్టక ముందే మీకిచ్చే డబ్బానే విప్పించి, వాళ్ల టీవీకి మీ ముందే పెట్టించి ఆడండి. "సీల్ తీస్తే కుదరదు" అంటే తిరిగి వచ్చేయండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు డబ్బా, చీటీ, పేమెంట్ స్క్రీన్‌షాట్ పారేయకండి. స్టాల్ ఫొటో ఉంటే అది కూడా దాచండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఫిర్యాదు రాసుకుంటుంది. మేము చేశాం, నంబరు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.

హెల్ప్‌లైన్‌తో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. కొన్నది విజయవాడలో అయినా మీరుండేది గుంటూరు అయితే గుంటూరులోనే వేయొచ్చు. ఒకే స్టాల్‌లో నష్టపోయినవాళ్లు చాలామంది ఉంటే కమిషన్ అనుమతితో అందరి తరఫునా ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా చట్టంలో ఉంది. తెల్ల కన్సోల్, నేల దాకా గుడ్డ కప్పిన టేబుల్, సీఈఎస్ బ్యానర్ ఉన్న ఆ స్టాల్‌లో కొన్నవాళ్లు, అడ్వాన్సు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, కలిసి వేద్దాం.