క్యూఆర్ కోడ్ స్కాన్ అయింది కదా అని నమ్మాను: కావలిలో మా అమ్మ బీపీ బిళ్లల సంగతి

నేను కావలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతాను. పెళ్లికార్డులు, బిల్లు బుక్కులు, రొయ్యల మేత షాపులకు స్టిక్కర్లు, ఇదే నా పని. రోజూ రంగులూ అక్షరాల మధ్యే ఉండే నేను ఒక మందు పెట్టె దగ్గర బోల్తాపడ్డాను. నెలనెలా బీపీ, షుగర్ బిళ్లలు కొనేవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మా అమ్మకి 68 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఒకటే బీపీ బిళ్ల. ఎప్పుడూ కొనే షాపులో పది శాతం తగ్గిస్తారు. ఫలానావాళ్లు పాతిక శాతం తగ్గించి ఇంటికే పంపిస్తున్నారని మా బంధువు ఒకాయన చెప్పాడు. డబ్బు మిగులుతుందంటే ఎవరికి చేదు? వాట్సాప్‌లో చీటీ ఫోటో పెట్టా. సాయంత్రానికి కుర్రాడు స్కూటీ మీద తెచ్చిచ్చాడు. బిల్లేదబ్బా అంటే "కవర్లోనే ఉందన్నా" అన్నాడు. కవర్లో ఉన్నది తెల్లకాగితం, దాని మీద మొత్తం ఎంతయిందో పెన్నుతో రాసి ఉంది, అంతే. నేను పట్టించుకోలా.

ఎందుకు పట్టించుకోలేదంటే, పెట్టె మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఫోన్ పెట్టి స్కాన్ చేశా. మందు పేరు, కంపెనీ పేరు, అడ్రసు, లైసెన్సు నంబరు గడగడా వచ్చేశాయి. ఇంకేం, అసలు సరుకే అనుకున్నా. నా తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది.

రెండో నెల సగంలో అమ్మకి పొద్దున్నే తల తిప్పడం మొదలైంది. డాక్టరు దగ్గర చూపిస్తే 178/102. ఎప్పుడూ 130 దాటని మనిషి. ఊరగాయలు తింటున్నావా అంటే అమ్మ నా మొహం చూస్తోంది. డోసు పెంచి రాయబోయిన డాక్టరు పెన్ను ఆపి "మందు మార్చారా?" అన్నారు. అదే మందు సార్ అన్నా. "షాపు మార్చారా?" అన్నారు.

ఇంటికొచ్చి ఆ రెండు నెలల పెట్టెలూ బయటికి తీశా. అదృష్టం కొద్దీ పాత షాపు పెట్టె కూడా ఒకటి దొరికింది, అమ్మ అందులో సూదులూ గుండీలూ దాచుకుంటుంది. మూడూ ప్రెస్సుకి తీసుకెళ్లి లైటు కింద భూతద్దం పెట్టి చూశా. పాత పెట్టె మీద నీలం ఒకటే సిరాతో కొట్టిన నీలం, అంచులు కత్తితో కోసినట్టున్నాయి. కొత్తవాటి మీద నీలం నాలుగు రంగుల చుక్కలు కలిపి తెచ్చింది. మామూలు కంటికి రెండూ ఒకటే. అయినా దీన్నిబట్టే నకిలీ అనలేం. కంపెనీలు కూడా పెట్టెలు కొట్టే ప్రెస్సుని మారుస్తుంటాయి.

అప్పుడు కోడ్‌లు మళ్లీ స్కాన్ చేశా. ఈసారి పైన పేరు చూసి వదిలేయకుండా చివరిదాకా చదివా. బ్యాచ్ నంబరంటే ఒక విడతలో తయారైన మందుకంతా వేసే నంబరు. మొదటి పెట్టె మీద అచ్చయినది ఒకటి, రెండో పెట్టె మీద ఇంకొకటి. ఫోన్‌లో మాత్రం రెండింటికీ ఒకటే నంబరు వస్తోంది, అది ఈ రెండూ కాని మూడో నంబరు! ఎక్స్‌పైరీ కూడా పెట్టె మీద ఉన్నదానికీ ఫోన్‌లో వచ్చినదానికీ ఏడాదిన్నర తేడా. పాత షాపు పెట్టెలో అన్నీ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి. ఎవరో ఒక అసలు పెట్టె మీది కోడ్‌ని తీసుకొచ్చి అన్నిటికీ అదే అతికించారన్నమాట.

ప్రెస్సువాడిగా ఒక మాట చెప్తా. క్యూఆర్ కోడ్ అంటే నలుపు తెలుపు గళ్ల బొమ్మ. దాన్ని ఫోటో తీసి మళ్లీ అచ్చు వేయడం నాకు పావుగంట పని. మెరిసే హోలోగ్రామ్ స్టిక్కర్లు కూడా రోళ్ల లెక్కన దొరుకుతాయి. కాబట్టి కోడ్ ఉండటం, అది స్కాన్ అవడం దేనికీ రుజువు కాదు. కోడ్‌లో ఉన్నదీ, పెట్టె మీద ఉన్నదీ, లోపల షీటు చివర గుద్దిన నంబరూ మూడూ కలవాలి.

2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద ఈ కోడ్ తప్పనిసరి చేశారు. ఆ బ్రాండ్ల జాబితాని షెడ్యూల్ హెచ్2 అంటారు. ఆ జాబితాలో లేని మందుకి కోడ్ లేకపోతే కంగారు పడక్కర్లేదు. షీటు మీద చోటు లేకపోతే కోడ్‌ని పై పెట్టె మీద వేయొచ్చు. మనమేమో పది బిళ్లలు చాలంటాం, షాపువాళ్లు షీటు తీసి చేతిలో పెడతారు, పెట్టె వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇక స్కాన్ చేయడానికి ఏముంది? కత్తిరించిన ముక్కయితే బ్యాచ్ నంబరు కూడా మనకి రాదు. పెట్టె చూపించమని అడగండి, విసుక్కుంటే విసుక్కోనీండి.

యూరప్‌లో 2019 ఫిబ్రవరి నుంచి డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులకి పెట్టెపెట్టెకీ వేరే నంబరు. అమ్మేటప్పుడు షాపులో స్కాన్ చేస్తే ఆ నంబరు అక్కడితో కొట్టేస్తారు. అదే నంబరుతో ఇంకో పెట్టె వస్తే కంప్యూటరు పట్టేస్తుంది. ఇక్కడ నేను చూసిన కోడ్‌లన్నీ బ్యాచ్ మొత్తానికీ ఒకటే. మన దగ్గర కూడా కొన్ని కంపెనీలు గీకే స్టిక్కరు కింద విడి నంబరు ఇస్తాయి, దాన్ని ఎస్సెమ్మెస్ చేస్తే జవాబొస్తుంది. అలాంటిది ఉంటే తప్పకుండా వాడుకోండి. స్కాన్ చేస్తే వెబ్‌సైటు తెరుచుకునే రకమైతే పైన అడ్రసు కంపెనీదేనా అని చూడండి. నకిలీ కోడ్ నకిలీ పేజీకి కూడా తీసుకెళ్లగలదు.

కంపెనీకి ఫోన్ చేశా. నంబరు ఆ కొత్త పెట్టెల మీది నుంచి తీసుకోలేదు, పాత పెట్టె మీదిది. ఫోటోలు పంపించమన్నారు. రెండు రోజులకి, ఆ రెండు బ్యాచ్‌లూ తమవి కావని చెప్పారు. నెల్లూరు వెళ్లి డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చా. ఆయన మొదట అడిగింది బిల్లు. నా దగ్గర తెల్లకాగితం! సరైన బిల్లు మీద మందు పేరు పక్కనే బ్యాచ్ నంబరూ ఎక్స్‌పైరీ ఉంటాయి, షాపు లైసెన్సు నంబరు ఉంటుంది. అది లేకపోతే వాళ్లే అమ్మారని చెప్పడానికి నాకున్న ఆధారం వాట్సాప్ మెసేజీలు మాత్రమే. వాటిని చెరిపేయకుండా ఉంచా. విప్పని షీట్లు మూడు మిగలడం మంచిదయింది, విప్పినవాటితో పెద్ద ఉపయోగం లేదట. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి ప్రభుత్వ ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. నాకు ఇన్నాళ్లూ ఈ సంగతే తెలియదు.

కేంద్ర డ్రగ్స్ కంట్రోల్ సంస్థ, అదే సీడీఎస్‌సీవో, ప్రతి నెలా నాణ్యత తప్పిన మందుల జాబితా బ్యాచ్ నంబర్లతో సహా వెబ్‌సైటులో పెడుతుంది. కొన్నిటి పక్కన "ఈ బ్యాచ్ మేం తయారు చెయ్యలేదు" అని కంపెనీ చెప్పిన మాట కూడా ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న బ్యాచ్‌లు ఒకసారి వెతుక్కోండి.

అమ్మినవాళ్ల పేరు రాయమని అడగొద్దు. ల్యాబు పరీక్ష ఇంకా జరగలేదు. వాళ్లే మోసం చేశారో, వాళ్లని పైనుంచి ఎవరు మోసం చేశారో నాకు తెలియదు. పాత షాపు బిళ్లలు అదే డోసులో మళ్లీ మొదలుపెట్టాక మూడు వారాలకి అమ్మ బీపీ 134/84కి దిగింది. ఇలాంటి అనుమానం వస్తే మందు మీ అంతట మీరు ఆపేయకండి, అదే రోజు డాక్టరుకి చూపించి వేరే పెట్టె తెచ్చుకోండి.

ఆ మూడు షీట్లనీ కవర్లో పెట్టి, అమ్మ పొరపాటున వేసుకోకుండా ఆ కవరు మీద ఎర్ర మార్కరుతో అడ్డంగా గీత కొట్టి ప్రెస్సు బీరువాలో పెట్టా. మొన్న పాత షాపు నుంచి బిళ్లలు తీసుకెళ్తే, అమ్మ కళ్లజోడు పెట్టుకుని షీటు చివర నంబరూ, బిల్లులో నంబరూ వేలు పెట్టి కలుపుకుని చూసి "సరిపోయింది నాయనా, నీళ్లియ్యి" అంది.