పదకొండు ఫ్లడ్‌లైట్లు, సన్నని ఒక గీత

గది బుక్ చేసేటప్పుడు ఆ బస వాళ్ల ఫోటోల్లో పాలపుంత బ్రహ్మాండంగా వెలిగిపోయింది. తీరా వెళ్లేసరికి గేటు నుంచి మా తలుపు దాకా తెల్లటి ఫ్లడ్‌లైట్లు పదకొండు. లెక్కపెట్టింది మా తొమ్మిదేళ్లవాడు. చుక్కలు లెక్కపెడదామని వచ్చినవాడు పాపం.

2025 నవంబర్ 22, శనివారం. అమావాస్య వెళ్లి రెండు రోజులే, నెలవంక తొందరగా అస్తమిస్తుందని ఆ తేదీ ఏరుకున్నాను. 'నక్షత్ర రాత్రి' ప్యాకేజీ అని మామూలు అద్దెకు సరిగ్గా రెట్టింపు గుంజారు. అందులో టెలిస్కోపు కూడా ఉందన్నారు. ఉంది. ముట్టుకుంటే చాలు, లోపల శనిగ్రహం గంగిరెద్దులా తల ఊపుతుంది. దాన్ని చూపించే కుర్రాడికి తూర్పు ఎటో తెలియదు. లైట్లు ఆర్పమని అడిగితే, "చుక్కలు పైన కదా సార్ ఉండేది, కింద లైటుంటే ఏమైంది?" అన్నాడు మేనేజర్. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ మోచెయ్యి పట్టుకుని లాగేసింది.

అసలు మేం బయల్దేరిందే అక్కడికి 4 కిలోమీటర్ల దూరంలో ఖగోళ క్లబ్బు వాళ్లు జనానికి ఆకాశం చూపించే రాత్రి కోసం. దగ్గరని ఈ బస తీసుకున్నాం, అంతే. క్లబ్బు వాళ్ల దగ్గర టికెట్ లేదు, పేర్లు రాయించుకోవడమూ లేదు. మైదానం అంచునే ఒకమ్మాయి కారు హెడ్‌లైట్లు ఆర్పించి, మా టార్చికి ఎర్ర కాగితం చుట్టి రబ్బరు బ్యాండ్ వేసింది. చీకటికి కళ్లు అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుందట. ఒక్క తెల్ల లైటు పడితే మళ్లీ మొదటికే. ఎర్ర వెలుగైతే అంత ఇబ్బంది లేదు.

ఎనిమిది టెలిస్కోపులు. పెద్ద క్యూ శని దగ్గర. పది అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే రకం టెలిస్కోపు) పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన నిలబడి, గ్రహం జారిపోయినప్పుడల్లా గొట్టాన్ని వేలితో కాస్త నెడుతున్నాడు. భూమి తిరుగుడు అక్కడ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. మావాడు కన్ను పెట్టి, "నాన్నా, వలయం లేదు. బంతికి పుల్ల గుచ్చినట్టుంది" అన్నాడు, ఏడుపు గొంతుతో.

పెద్దాయన జేబులోంచి ఒక పాత సీడీ తీసి వాడి కళ్లకు ఎదురుగా అడ్డంగా పట్టుకున్నాడు. "ఏం కనిపిస్తోంది బాబూ?" "గీత." కొంచెం వంచాడు. "ఇప్పుడు?" వలయాలు ఈ చివర నుంచి ఆ చివరకు రెండున్నర లక్షల కిలోమీటర్ల పైమాటే, మందం మాత్రం చాలాచోట్ల పదుల మీటర్లే. ఇప్పుడు మనకు అంచు కనిపిస్తోంది, 2032కి మళ్లీ బాగా విచ్చుకుంటాయన్నాడు. మావాడు వేళ్ల మీద లెక్కేసుకుని "అప్పటికి నాకు పదహారు" అన్నాడు. మళ్లీ క్యూలో చివరికెళ్లి నిలబడ్డాడు.

చలికి ముఖం ముడుచుకున్న మా ఆవిడ ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గర మారిపోయింది. "నేరుగా చూడకండమ్మా, కాస్త పక్కకు చూడండి" అన్నారు. అద్దం మీద ఊపిరి వదిలినంత మసక మరక. పాతిక లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు. మూడుసార్లు చూసింది.

లోపాలూ ఉన్నాయి. బాత్రూం లేదు. లేజర్ పట్టుకున్నాయన కృత్తికల మీద ఇరవై నిమిషాలు దంచాడు. ఫోన్ కెమెరాను కటకానికి ఆనించి ఫోటో కోసం తంటాలు పడేవాళ్లు క్యూ మొత్తాన్ని ఆపేశారు. వాళ్లను వెనక్కి పంపాల్సింది. మీరు వెళ్తే మొదటి గంట వదిలేయండి, పిల్లలున్న కుటుంబాలు వెళ్లిపోయాక ఒక్కో టెలిస్కోపు దగ్గర ఇద్దరే ఉంటారు. పౌర్ణమికి మాత్రం వెళ్లొద్దు. చంద్రుడి గుంటలు చూడాలంటే సగం చంద్రుడే మేలు, వెలుగునీడల గీత దగ్గర నీడలు పొడుగ్గా పడతాయి. బస ఎక్కడైనా సరే, బయటి లైటు స్విచ్ మన చేతిలో ఉంటుందా అని ముందే అడగండి.

పదకొండున్నరకు తిరిగొచ్చాం. ఆ పదకొండూ వెలుగుతూనే ఉన్నాయి. టార్చికి చుట్టిన ఎర్ర కాగితం మావాడు ఇంకా తీయలేదు.

"నాన్నా, వీటన్నిటికీ చుట్టాలంటే ఎంత కాగితం కావాలి?"