పేరు "క్లో" అని మొదలైతే ఒకే మందు కాదు: పసిపిల్లలకి క్రీము కొనేవాళ్లు జాగ్రత్త

వైజాగ్‌లో పసిపిల్లలున్న అమ్మానాన్నలందరికీ ఈ సంగతి చేరాలని రాస్తున్నాను. మా పాపకి ఎనిమిది నెలలు. డైపర్ దగ్గర ఒరిసిపోయిందని మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండా ఒక ట్యూబ్ కొన్నాం. మూడు వారాలు రాశాం. పాప ఒళ్లు మేమే చేజేతులా పాడుచేశాం. అలాంటి ట్యూబ్ మీ ఇంట్లో కూడా ఉండొచ్చు, అందుకే ముందు ఈ ఒక్కమాట వినండి. దాని మీద క్లోబెటాసాల్ అని గానీ బెటామెథాసోన్ అని గానీ ఉంటే, పిల్లల డాక్టరు రాసివ్వకుండా డైపర్ కింద రాయకండి. ఇప్పటికే చాలా రోజులుగా రాస్తున్నట్టయితే ఆపాలా, తగ్గించాలా అని మీలో మీరు తేల్చుకోవద్దు. ట్యూబ్ చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

జరిగింది చెప్తాను. మే నెల మొదట్లో పాపకి చెవి నొప్పి వస్తే యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. అది మొదలుపెట్టిన మూడో రోజు నుంచి విరేచనాలు పట్టుకున్నాయి, రోజుకి ఏడెనిమిది సార్లు. మన ఊళ్లో మే నెల ఉక్కపోత మీకు తెలిసిందే, సముద్రపు గాలి వస్తున్నా చెమట ఆరదు. డైపర్ తీస్తే పిర్రలు ఎర్రగా కందిపోయి ఉండేవి. నీళ్లు తగిలితే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. కింది పోర్షన్లో ఉండే పిన్నిగారు చూసి, "మా మనవడికి ఇలాగే అయితే డాక్టరు క్లోట్రిమజోల్ రాశారమ్మా, తగ్గింది" అన్నారు. ఆవిడ చెప్పింది మంచి మందే, ఆవిడ తప్పు ఏమీ లేదు. మా ఆయన ఆ పేరు ఫోన్లో రాసుకుని రాత్రి తొమ్మిదిన్నరకి షాపుకి వెళ్లారు. కౌంటర్ దగ్గర కుర్రాడు "దానికంటే ఇది స్పీడుగా పనిచేస్తుంది సార్, ఇందులో అన్నీ కలిపే ఉంటాయి" అని ఒక ట్యూబ్ ఇచ్చాడు. అట్టపెట్టె లేదు, బిల్లు లేదు. ట్యూబ్ మీద "క్లో" అని కనబడగానే అదే మందు అనుకుని తెచ్చేశారు.

మర్నాడు సాయంత్రానికి ఎరుపు సగం తగ్గింది. రెండో రోజుకి పూర్తిగా మాయం. వారం తర్వాత పాప మొదటిసారి రాత్రంతా నిద్రపోయింది. నేను ఆ ట్యూబ్‌ని కళ్లకద్దుకున్నాను. మానేసిన మూడో రోజుకి మళ్లీ వచ్చింది. రాస్తే పోయేది, ఆపితే వచ్చేది, వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త మేర పాకేది. మొదట పిర్రల మీదే ఉన్నది తర్వాత గజ్జల్లోకి దిగింది, ఆఖరికి బొడ్డు కిందిదాకా వచ్చింది. అప్పుడు కూడా నాకు మందు మీద అనుమానం రాలేదు. డైపర్ కంపెనీ మార్చాను, సబ్బు మార్చాను.

ఒకరోజు రాత్రి కరెంటు పోయింది. ఫోన్ లైటు వేసి గజ్జ ముడత విప్పి చూశాను. లోపల పచ్చిపుండులా ఎర్రగా, తడితడిగా ఉంది. దాని అంచు దాటి ఆవగింజలంత పొక్కులు విడివిడిగా ఉన్నాయి. ఆ పక్క చర్మం చూసేసరికి నా గుండె జారిపోయింది. కాచిన పాల మీద తరకలాగా పల్చగా, నిగనిగలాడుతోంది. అడుగున సన్నటి ఎర్రటి నరాలు కనబడుతున్నాయి. మెల్లగా వేలు ఆనిస్తే అక్కడ సన్నటి ముడతలు పడ్డాయి. అప్పుడు ట్యూబ్ తిప్పి, ఆ చిన్న అక్షరాల్ని ఫొటో తీసి, పెద్దవి చేసుకుని చదివాను. క్లోబెటాసాల్, ఓఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. నాలుగు మందులు. మేం అడిగిన క్లోట్రిమజోల్ అందులో లేనే లేదు.

క్లోట్రిమజోల్ ఫంగస్‌ని చంపే మందు. క్లోబెటాసాల్ స్టెరాయిడ్, చర్మానికి రాసే స్టెరాయిడ్లలో అతి బలమైన తరగతిది. పెద్దవాళ్లకి కూడా కొద్దిరోజులే రాయమంటారట.

మర్నాడు పొద్దున్నే పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆవిడ ముందు ట్యూబ్ చూశారు, తర్వాత పాపని చూశారు. మామూలు డైపర్ ఒరుపు తడి, మలం, రాపిడి వల్ల వస్తుందట, అందుకని డైపర్ ఒత్తుకునే ఎత్తు భాగాల్లోనే ఉంటుంది, ముడతల లోపల పెద్దగా ఉండదు. ముడతల్లోకి దిగి, చుట్టూ చిన్న పొక్కులు వేస్తే అది చాలావరకు క్యాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్ వాడాక, విరేచనాల తర్వాత పసిపిల్లల్లో ఇది తరచూ వస్తుందని చెప్పారు. స్టెరాయిడ్ రాస్తే ఎరుపూ మంటా అణిగిపోతాయి, కానీ ఆ చోట చర్మానికి ఉండే కాపలా కూడా అణిగిపోతుంది, ఫంగస్ లోపల్లోపల పాకుతుంది. "అందులో ఫంగస్ మందు కూడా ఉంది కదండీ" అని అడిగాను. క్యాండిడా మీద టెర్బినఫిన్ అంత బాగా పనిచెయ్యదు అన్నారు.

ఇంకో మాట చెప్పారు, అది వింటుంటే చేతులు చల్లబడ్డాయి. డైపర్ ప్లాస్టిక్ మూతలాగా బిగించి పట్టుకుంటుంది కాబట్టి దాని కింద రాసిన మందు మామూలుకంటే ఎక్కువగా లోపలికి ఇంకుతుంది. పసివాళ్లకి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, అందుకని ఆ మందు ఒళ్లంతా చేరుతుంది. ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు దాంతో మందగించవచ్చు, ముఖం ఉబ్బవచ్చు, ఎదుగుదల తగ్గవచ్చు. ఆవిడ పాప బుగ్గలు చూశారు, బరువు తూచి పాత కార్డుతో పోల్చారు, బీపీ చూశారు. దేవుడి దయ, అన్నీ బాగానే ఉన్నాయి. ఎంత బలమైన మందు ఎన్నాళ్లు వాడామో లెక్క చూసి, ఎలా మానాలో రాసిచ్చారు.

ఒక్కోసారి డాక్టర్లే ఒక శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటి స్టెరాయిడ్ నాలుగైదు రోజులకి రాస్తారు. అది వాళ్లు చూసి, రోజులు లెక్కపెట్టి రాసేది. స్టెరాయిడ్ అనగానే ఆ చీటీ చించెయ్యకండి.

రెండు నెలలుగా మేం చేస్తున్నది చెప్తాను. ముందు ఫంగస్ క్రీము పల్చగా, అది ఇంకాక పైన జింక్ ఆక్సైడ్ పేస్టు మందంగా, గోడకి సున్నం కొట్టినట్టు. డైపర్ మార్చిన ప్రతిసారీ ఆ తెల్లటి పేస్టు మొత్తం గీకి తీయొద్దన్నారు, పైన మురికి అయినంత మేరకే తుడిచి మళ్లీ వేయాలి. సెంటు వాసన వచ్చే తడి వైప్స్ మానేశాం, గోరువెచ్చటి నీళ్లతో కడిగి గుడ్డతో అద్దడమే, రుద్దకూడదు. మా అమ్మ శ్రీకాకుళం నుంచి తాతగారి పాత పొందూరు ఖద్దరు పంచె తెచ్చి ముక్కలు చేసింది. అన్నేళ్లు ఉతికి ఉతికి అది వెన్నలాగా మెత్తబడింది, పాప ఇప్పుడు అద్దితే ఏడవదు. పగలు రోజుకి మూడునాలుగు సార్లు అరగంట చొప్పున చాప మీద ఏమీ తొడగకుండా వదిలేస్తున్నాం. డైపర్ వేస్తే రెండు మూడు గంటలకి మించి ఉంచడం లేదు, మలం చేస్తే ఆ క్షణమే. పౌడర్ పూర్తిగా బంద్, ఆ పొడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందట. నలుగు కూడా ఆ చోటికి తగలనివ్వొద్దని అత్తయ్యకి చెప్పాను, ఆవిడ ఏమీ అనుకోలేదు. ఎరుపు పన్నెండు రోజుల్లో పోయింది. పల్చబడిన చర్మం మాత్రం ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

తర్వాత ఆ షాపుకి వెళ్లి అడిగాం. "అందరికీ ఇదే ఇస్తాం మేడం, ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు. ఆ షాపు పేరు ఇక్కడ రాయను. కింది పిన్నిగారి కోడలు వేరే పేటలో అడిగితే అక్కడా ఇలాంటిదే తీసిచ్చారు. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ట్యూబ్ మీద ఆర్ అక్షరం కాలికి అడ్డంగా గీత కొట్టినట్టు ఒక గుర్తు ఉంటుంది, పక్కనే చీటీ లేకుండా అమ్మరాదని హెచ్చరిక ఉంటుంది. మా ట్యూబ్ మీద రెండూ ఉన్నాయి, మేమే చూడలేదు.

బిల్లు లేకపోవడం వల్ల మేం ఫిర్యాదులో గట్టిగా నిలబడలేకపోయాం. మీరు బ్యాచ్ నంబరు వేసిన బిల్లు అడగండి, ఇవ్వనంటే కొనకండి. ట్యూబ్‌తో పాటు అట్టపెట్టె కూడా దాచండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మందు వల్ల ఒంటికి హాని జరిగితే చెప్పడానికి వేరే ఉచిత నంబరు ఉంది, 1800-180-3024, మనలాంటి మామూలు మనుషులు కూడా చెప్పొచ్చు. డాక్టరు ఫీజుకి వెనకాడి షాపులో అడిగేవాళ్లుంటారు, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. మన ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పిల్లల విభాగమూ చర్మవ్యాధుల విభాగమూ రెండూ ఉన్నాయి, పొద్దున్నే ఓపీకి వెళ్లండి. జ్వరం వచ్చినా, చీము గానీ నీటి బుడగలు గానీ కనబడినా, పాలు తాగకపోయినా పొద్దుటిదాకా ఆగకండి.

ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ఈ రాత్రికే తీసి చూడండి. చివర "సోన్" అని వచ్చే పేర్లు, బెటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లూటికాసోన్, ఇవన్నీ స్టెరాయిడ్లే. క్లోబెటాసాల్ చివర "సాల్", క్లోట్రిమజోల్ చివర "జోల్". అక్షరాలు కనబడకపోతే ఫొటో తీసి పెద్దవి చేసుకోండి.